కుట్లు బయటికున్న కోటు

"కోటు తిరగేసి వేసుకున్నావమ్మాయ్, మార్చుకుని లోపలికి రా" అని చెప్పి పెద్దావిడ తలుపు మూసుకుని వెళ్ళిపోయారు. తిరగేసి వేసుకోలేదండీ అనే మాట నా దగ్గర ఉంది, కానీ అది గొంతులోంచి నోట్లోకి వచ్చేలోపు ఆవిడ చెప్పుల చప్పుడు కూడా ఆగిపోయింది. నాకెప్పుడూ ఇంతే, మాట తయారయ్యేసరికి వినాల్సినవాళ్ళు ఇంకో పనిలో ఉంటారు. ఇప్పుడు నేను బట్టలు మార్చుకునే గదిలో, గోడవార బెంచీ మీద, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుని ఉన్నాను. ఎదురుగా ఇనప అరలు, ఆ మూల చేతులు కడుక్కునే తొట్టి, పైన ట్యూబ్‌లైటు. ట్యూబ్‌లైటు జీ అంటోంది. మామూలు వాళ్ళకి అది వినపడదని అమ్మ అంటుంది, అంత గట్టిగా అంటుంటే ఎలా వినపడదో నాకర్థం కాదు, అయినా ఇప్పుడు నా గొడవ ట్యూబ్‌లైటుతో కాదు, కోటుతో. కోటుతో కూడా కాదు, ఆ తలుపుతో. ఆ తలుపు అవతల పెద్దావిడ చూసుకునే విత్తనాల పరీక్ష గది ఉంది, ఇవాళ ఒక్కరోజు నన్ను పనిలో పెట్టి చూస్తామన్నారు, బాగుంటే రేపట్నించి రమ్మంటారు, బాగోకపోతే ఇంటికి పొమ్మంటారు. నాకు ఈ పని కావాలి. పదిహేడేళ్ళొచ్చాయి నాకు, వద్దు అని నేను ఇల్లెగిరిపోయేలా అరిచినవి బోలెడు, కావాలి అని అడిగినవి వెతికితే గాని దొరకవు, ఇది అడిగాను, అమ్మ చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ గది నాకెలా తెలుసంటే మా నాన్న దర్జీ, ఇక్కడ పనిచేసే వాళ్ళందరి తెల్లకోట్లూ మా నాన్న కుట్టినవే. పోయిన నెల కోట్ల మూట ఇవ్వడానికి వచ్చినప్పుడు నన్నూ స్కూటర్ వెనకాల కూర్చోబెట్టుకొచ్చాడు. నాన్న రసీదు రాయించుకుంటున్నంతసేపూ నేను కిటికీ అద్దంలోంచి లోపలికి చూశాను. పొడుగాటి బల్లలు, ప్రతి బల్ల మీదా వంగిన దీపం, దీపం కింద తెల్ల పళ్ళెం, పళ్ళెంలో గింజలు. కంపెనీలు పంపిన సంచుల్లోంచి గుప్పెడు తీసి పళ్ళెంలో పోస్తారు, పట్టకారుతో ఒక్కొక్క గింజా పక్కకి జరుపుతారు, మంచివి ఒక వైపు, విరిగినవి ఒక వైపు, ఊక ఒక వైపు, వేరే గింజ ఏదైనా దూరి ఉంటే అది ఇంకో వైపు. ఆవగింజా క్యాబేజీ గింజా పక్కపక్కన పోస్తే ఏది ఏదో చెప్పడం కష్టమట. నాకు గింజలు నచ్చాయి, కానీ అంతకంటే ఎక్కువ నచ్చింది ఏంటంటే ఆ గదిలో అందరూ కిందికే చూస్తున్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. మాట్లాడితే పళ్ళెంతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడుతున్నారు, పక్కవాళ్ళు కూడా పళ్ళెంలోకి చూస్తూనే జవాబిస్తున్నారు. నా చిన్నప్పట్నించీ కళ్ళలోకి చూసి మాట్లాడు, కళ్ళలోకి చూసి మాట్లాడు అని చెప్పని టీచరు లేదు, చెప్పని చుట్టం లేదు. కళ్ళలోకి చూస్తే నాకు మాట వినపడదు, మాట వినాలంటే కళ్ళలోకి చూడకూడదు, రెండూ ఒకేసారి ఎలా చేస్తారో జనం, చేస్తారేమో, నాకు చేతకాదు. చూడనక్కర్లేని గది ఒకటి ఉందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంటని ఆ రోజు కోపం కూడా వచ్చింది.

కోటు సంగతి. కోటు తిరగేసి లేదు, అది కుట్టిందే అలాగ. నేను నడవడం నేర్చిన దగ్గర్నించీ ఒంటి మీద బట్ట నిలవనిచ్చేదాన్ని కాదట, వేసిన గౌను వేసినట్టే పీకి పారేసేదాన్నట, మొండిఘటం అని అత్త, దిష్టి తగిలిందని ఇంకెవరో, ఎవరి నోటికొచ్చింది వాళ్ళు. దర్జీ కూతురు బట్టల్లేకుండా తిరుగుతోందని వీధిలో నవ్వుకునేవాళ్ళట. ఒకరోజు అమ్మ ఎక్కడికో వెళ్ళే తొందరలో గౌను తిరగేసి తొడిగేసింది, కుట్లన్నీ పైకొచ్చేశాయి, నేను పీకలేదు, ఏడవలేదు, గుమ్మంలో కూర్చుని గిన్నెతో ఆడుకున్నాను. నాన్న మిషన్ ఆపి చాలాసేపు చూశాడట. అంతే, ఆ రోజు నుంచి నా బట్టలన్నిటికీ కుట్లు బయటికి. డాక్టరు ఆటిజం అని చెప్పింది ఆ తర్వాత ఎప్పుడో, ఆ మాట మర్చిపోతానేమోనని అమ్మ ఇంటికొచ్చే దాకా పైకి అనుకుంటూనే వచ్చిందట, నాన్న మాత్రం అంతకు ముందే కత్తెర పట్టుకుని తన పని తాను మొదలుపెట్టేశాడు. జేబులు బయటే, గుండీలు బయటే, మడత అంచులూ బయటే, ఒంటికి తగిలే వైపు మాత్రం నీళ్ళలా నున్నగా ఉంటుంది. మా ఇంట్లో దానికి పేరు కూడా లేదు. మంచి వైపు అంటే నాకు అదే మంచి వైపు.

అందుకే, ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తోంది కానీ, ఇవాళ పొద్దున ఇంట్లో ఒక్కరికీ, ఒక్కరికంటే ఒక్కరికీ తట్టలేదు. ఇదే సంస్థకి మూటలు మూటలు కోట్లు మామూలుగా కుట్టి పంపిన మనిషి, నాది మాత్రం ఎప్పట్లాగే కుట్లు బయటికి పెట్టి కుట్టి, దారాలు కత్తిరించి, చెయ్యి పొడుగు సరిచూసి ఇచ్చాడు. అమ్మ కాజాలు కుట్టింది, ఇస్త్రీ చేసింది, ఇస్త్రీ చేస్తూ ప్రతి కుట్టు మీదా పెట్టె నొక్కింది, ఆ నొక్కేటప్పుడైనా అనుకోవాలా వద్దా. అత్త నన్ను భుజాలు పట్టకుండా, నన్ను పట్టుకోకూడదని ఆవిడకి ఈ మధ్యే అలవాటైంది, వేలితో గాలిలో చుట్టు గీసి తిరగమంటే తిరిగాను, "డాక్టరమ్మ లాగ ఉందే" అంది. అందరూ కళ్ళారా చూశారు. నేనూ చూసుకున్నాను అద్దంలో. నాన్న నన్ను జడ్జిగారూ అని పిలుస్తాడు, ఎవరి మాటలో తప్పున్నా ఊరుకోనని, గోడ మీద క్యాలెండరు ఒక చుక్క వంకరగా ఉన్నా సరిచేసే దాకా అన్నం తిననని. ఆ జడ్జిగారికీ తట్టలేదు. ఊరంతా కుట్లు లోపలికి వేసుకుంటారన్న సంగతి మా ఇంటిల్లిపాదీ మర్చిపోయాం. దర్జీల ఇల్లు. ఈ మాట బయటికి పొక్కితే నాన్న కొట్టు మూసుకోవాలి.

చెప్పినట్టు మార్చుకుంటే పోలా అనుకుని అదీ చేసి చూశాను. కోటు విప్పి, చేతులు లోపల్నించి లాగి, తిరగేసి తొడుక్కున్నాను. గుండీలు లోపలికి పోయాయి. జేబులు లోపలికి పోయి నా నడుం మీద కూర్చున్నాయి. గుండీ పెట్టుకోవాలంటే కోటు లోపలికి చెయ్యి పెట్టి పొట్ట దగ్గర తడుముకోవాలి. తొట్టి పైన అద్దంలో చూస్తే ఎవరో నన్ను కోటుతో పాటు మడతపెట్టినట్టుంది. అంటే ఇప్పుడు నిజంగానే తిరగేసి వేసుకున్నానన్నమాట, ఇందాక తప్పులేదు ఇప్పుడు తప్పు, ఇలా లోపలికి వెళ్తే ఆవిడ మళ్ళీ అదే మాటంటారు, ఈసారి ఆవిడ మాట నిజమవుతుంది. ఒక్కదాన్నే గట్టిగా నవ్వేశాను. నవ్వుతుంటేనే మెడ దగ్గర కుట్టు తగిలింది. తర్వాత చంక. మామూలు వాళ్ళకి ఇది చెప్పడం కష్టం, గీసుకుంటోంది అంటే గోక్కో అంటారు. గీసుకోవడం కాదు, కుట్టు తగిలిన చోట తప్ప నాలో ఇంకేమీ మిగలదు, చూపు పోతుంది, చెవులు పోతాయి, ఆ కుట్టే నేను. ఇలా వెళ్ళి పళ్ళెం ముందు కూర్చుంటే నాకు ఆవగింజా కనపడదు, క్యాబేజీ గింజా కనపడదు. విప్పేసి మళ్ళీ మంచి వైపుకి తిప్పి తొడుక్కున్నాను, ఊపిరి వచ్చింది, వచ్చి బెంచీ మీద మొదటి చోటే కూర్చున్నాను.

ఫోను చేతిలో ఉంది. నాన్న గేటు బయట స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు, నాకు తెలుసు, కొట్టు తీసే వేళ దాటిపోతున్నా కదలడు. "ఏదైనా అయితే ఒక్క రింగ్ ఇవ్వు తల్లీ, నేనొచ్చి మాట్లాడతా" అన్నాడు. రింగ్ ఇస్తే చాలు, వస్తాడు, చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడతాడు, రెండు చేతులూ ముందుకి కట్టుకుని, మేడమ్ మా అమ్మాయి కొంచెం అంటాడు, అని ఆపేస్తాడు. ఆ వాక్యం నాన్న ఎప్పుడూ పూర్తి చెయ్యడు. మొదటిసారి విన్నది బళ్ళో, నా యూనిఫాం చూసి టీచరు బాత్రూములోకి తీసుకెళ్ళి తిప్పి తొడిగితే నేను నేల మీద పడి కొట్టుకున్నాను, నాన్న టేపు మెళ్ళో అలాగే వేలాడుతుండగా పరుగెత్తుకొచ్చాడు, మా అమ్మాయి కొంచెం అన్నాడు, టీచరు అయ్యో అలాగా అంది. అంతే. ఆ తర్వాత ఆవిడ నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. తప్పు లెక్క చేసినా అనలేదు, పుస్తకం చింపినా అనలేదు, ఆటల్లోకి పిలవనూ లేదు. పళ్ళ డాక్టరు దగ్గర కొంచెం, కంటి అద్దాల షాపులో కొంచెం, పెళ్ళిళ్ళలో కొంచెం, నా నెత్తి మీదుగా పెద్దవాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు, నేను కత్తిరించడానికి బల్ల మీద పరిచిన గుడ్డలాగ మధ్యలో ఉంటాను. కొంచెం ఏంటి నాన్నా అని ఒకసారి అడిగాను. మిషన్ తొక్కడం ఆపి చాలాసేపు సూదికి దారం ఎక్కించాడు, అప్పటికే దారం ఉన్న సూదికి. నాన్న మీద కోపం కాదు. నాన్నంటే నాకు ప్రాణం. కానీ నాన్న ఇప్పుడు ఈ గుమ్మంలోకి వస్తే పని వస్తుందేమో గాని, వచ్చేది నాకు కాదు, ఆ కొంచెం అనే మాటకి వస్తుంది, ఇక నేనిక్కడ పదేళ్ళు పనిచేసినా నన్ను ఎవరూ తిట్టరు. నాకు తిట్లు కావాలని కాదు. తిట్టదగ్గ మనిషిలా చూస్తే బాగుండునని.

తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది, పెద్దావిడ కాదు, పనిచేసే ఆవిడే, అరలోంచి కళ్ళజోడు తీసుకుంది. వెళ్ళబోతూ ఆగింది. "కొత్తమ్మాయివా? ఇక్కడ కూర్చున్నావేం?"

"మాట తయారు చేసుకుంటున్నా."

"తొందరగా చేసుకో తల్లీ, సంచులు చాలా వచ్చాయివాళ" అని వెళ్ళిపోయింది. ఎందుకు, ఏం మాట, ఎవరితో, ఏదీ అడగలేదు. మాట తయారు చేసుకోవడం అనేది జనం చేసే పనే అన్నట్టు, చేతులు కడుక్కోవడం లాంటిదే అన్నట్టు అనేసింది. నాకు భలే హాయిగా అనిపించింది. ఫోను అరలో పెట్టి అర తలుపు వేశాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. మాటలు వరసలో పెట్టుకున్నాను, మొదట ఏది, తర్వాత ఏది, గొంతు ఎంత ఉండాలి, నా గొంతు అయితే అసలు వినపడదు, లేకపోతే ఊరంతా వినపడుతుంది, మధ్యలో ఉండదు. ఆవిడ మధ్యలో అడ్డొచ్చి ఏదైనా అంటే వరస పోతుంది. పోతే మళ్ళీ మొదటినుంచి చెప్తాను. ఆవిడ వద్దు పో అంటే? అంటే ఇంటికెళ్తాను, ఏడుస్తాను, చాలారోజులు ఏడుస్తాను, కానీ పొమ్మన్నది నన్ను అవుతుంది. లేచాను, ఈసారి కూర్చోలేదు.

గదిలో దీపాలన్నీ వెలుగుతున్నాయి. పెద్దావిడ కిటికీ పక్కన తక్కెడ ముందు ఉన్నారు, చిన్న గిన్నెలో గింజలు పోసి ముల్లు నిలబడే దాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నేను ఆవిడ తక్కెడనే చూశాను. ముల్లు నిలబడింది.

"మార్చుకున్నావా?"

"లేదండీ. నాకు ఆటిజం. కుట్టు ఒంటికి తగిలితే నాకింకేం కనపడదు. మా నాన్న దర్జీ, మీ కోట్లన్నీ కుట్టింది ఆయనే, నాకు మాత్రం చిన్నప్పట్నించీ కుట్లు బయటికి పెట్టి కుడతాడు. ఇది తిరగేసింది కాదు. ఇదే మంచి వైపు. ఇట్లా అయితే నేను పని చెయ్యగలను. అట్లా అయితే చెయ్యలేను." గొంతు ఊరంతా వినపడేలాగే వచ్చింది. బల్లల దగ్గర పట్టకార్లు ఆగాయి.

ఆవిడ తక్కెడ మీంచి చూపు తిప్పి నా జేబులు చూశారు, గుండీలు చూశారు. "నిజమే, తిరగేస్తే జేబు లోపలుండాలి. నాకే తట్టలేదు" అన్నారు. "మరి ఇందాకే చెప్పొచ్చుగా?"

"చెప్పేలోపు మీరెళ్ళిపోయారు. నాకు మాట రావడానికి టైం పడుతుంది."

"ఎంత పడుతుంది?"

"ఇవాళ ఇంత పట్టింది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ నవ్వలేదు. దగ్గరికొచ్చి, ముట్టుకోకుండా, నా భుజం మీది కుట్టుకి మొహం ఆనించినంత దగ్గరగా వంగి చూశారు. "కుట్లు ఎటున్నా నాకు అనవసరం. కానీ ఇదిగో, అంచున దారప్పోగు వేలాడుతోంది చూడు. ఇది పళ్ళెంలో పడితే పరీక్ష మొత్తం మళ్ళీ చెయ్యాలి. దారం పడిందంటే మాత్రం నేను ఊరుకోను, చెప్తున్నా, అప్పుడు ఆటిజం గీటిజం వినను."

"కత్తెర ఇవ్వండి" అన్నాను. ఇచ్చారు. కిటికీ దగ్గర నిలబడి కోటు విప్పి, ప్రతి కుట్టూ వెలుతురులో పెట్టి కొసలు కత్తిరించాను, దర్జీ కూతుర్ని, ఆ మాత్రం రాదా, రేపటికి పోగులు ఊడకుండా అంచులన్నిటికీ పట్టీ కూడా వేసేస్తానని చెప్పాను. రేపు అనే మాట నోరు జారింది. ఆవిడ తక్కెడలోకి చూస్తూనే "నూలు పట్టీ వెయ్యి, పట్టు పట్టీ అయితే జారుతుంది" అన్నారు. నాలో పొద్దుట్నించీ బిగించి పట్టుకున్నదేదో వదిలేసింది. ఊరుకోను అన్నారు నన్ను. చెప్తున్నా అన్నారు. నా మొహాన ఎవరూ అలా అనలేదు ఇన్నేళ్ళలో, నాకు ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది, నేను ఎవరి చెయ్యీ పట్టుకోను, అయినా అనిపించింది.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. "ఆ స్కూటర్ మీద ఉన్నాయన ఎవరు? పొద్దుట్నించీ ఇటే చూస్తున్నాడట, వాచ్‌మన్ చెప్పాడు."

"మా నాన్న."

"లోపలికి పిలవమంటావా?"

"వద్దండీ. నేనే వెళ్ళి చెప్పొస్తాను."

నేను గేటు దాకా వచ్చేసరికి నాన్న స్కూటర్ దిగేసి ఉన్నాడు, హెల్మెట్ ఒక చేతిలో, రెండో చేత్తో అప్పుడే చొక్కా సర్దుకుంటున్నాడు, లోపలికి రావడానికి. "ఏమైంది తల్లీ? కోటు గురించా? ఇప్పుడే, ఇక్కడ కూర్చున్నాక తట్టింది నాకు, ఛ, ఎంత పొరపాటు చేశాను, వస్తున్నా పద, నేను చెప్తా ఆవిడకి."

"చెప్పేశాను నాన్నా."

"చెప్పేశావా? నువ్వా?"

"నేనే."

"ఎలా చెప్పావు?"

"నోటితో."

నాన్న నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగి మొహం ఎటో పోయింది, చేతిలోని హెల్మెట్ సీటు మీద పెట్టి, మళ్ళీ తీసి, దాంట్లోకి చూశాడు. నాన్న ఏడుస్తున్నాడని నాకు తెలిసింది, మామూలుగా నాకు ఇవి ఆలస్యంగా తెలుస్తాయి, ఇవాళ వెంటనే తెలిసింది. హెల్మెట్‌లోకి చూస్తూనే, "ఏమన్నారావిడ" అన్నాడు. దారం పడితే ఊరుకోనన్నారు అని చెప్పాను. "ఊరుకోనందా" అన్నాడు నాన్న, ఎవరో నాకు బహుమతి ఇచ్చినట్టు ఆ మాట రెండుసార్లు అనుకున్నాడు. కాసేపు ఇక్కడే ఉండనా అన్నాడు. అక్కర్లేదు, కొట్టు తీసుకో, సాయంత్రం పని అయ్యాక రా అన్నాను. సరేనమ్మా అన్నాడు, స్కూటర్ మొదటి తన్నుకి స్టార్టవలేదు, రెండో తన్నుకి అయ్యింది, మలుపు దగ్గర వేగం తగ్గించాడు, వెనక్కి చూస్తాడనుకున్నాను, చూడకుండా తిరిగిపోయాడు. నాన్న వెళ్ళిపోతే నాకు భయం వేస్తుందని ఇన్నేళ్ళూ నాన్నా అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. రోడ్డు మీద ఎవరూ లేరు. భయం వెయ్యలేదు. బాగా ఆకలేసింది.